నోట్లో నాలుక లేనివాళ్లు

మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో స్త్రీల హక్కుల గురించి రాసిన పుస్తకంలో, ఆడవాళ్లకు సుగుణాలుగా నూరిపోసే సాత్వికత, అణకువల సరసన స్పానియల్ కుక్క ప్రేమను కూడా చేర్చింది. ఎత్తిపొడుపుగానే చేర్చింది. ఎమ్మే క్లాసులో ఆ మాట రాగానే పిల్లలు నవ్వుతారు. ఎత్తిపొడుపు స్త్రీల మీద కాదు, వాళ్లను అలా తీర్చిదిద్దినవాళ్ల మీద అని చెప్తాను. సరే, మరి కుక్క మాటేమిటి?

తన ఆలోచనతో రాని మంచితనాన్ని వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మంచితనంగా లెక్కించదు. ఈ మాటను కుక్కకే పెట్టి చూడాలంటే కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌ని మించింది లేదు. 5 నుంచి 8 కిలోల బరువు, వేలాడే చెవులు, పెద్ద పెద్ద కళ్లు. (కుక్కల్ని ఒళ్లో కూర్చోబెట్టుకునే అలవాటు నాకు లేదు గానీ, ఆ కళ్ల ముందు బింకంగా ఉండడం కష్టం.) ఈ జాతిని బొమ్మల్లో చూసి తయారు చేశారు. ఇంగ్లండ్‌లో రాజుల కాలం నాటి చిన్న స్పానియళ్లు తరాలు గడిచేసరికి చప్పిడి ముక్కువి అయిపోయాయి. 1926లో రోస్‌వెల్ ఎల్డ్రిడ్జ్ అనే అమెరికన్, రెండో చార్లెస్ కాలపు చిత్రాల్లో ఉన్నట్టు పొడుగు మూతి కుక్కను తెచ్చినవాళ్లకు క్రఫ్ట్స్ ప్రదర్శనలో 25 పౌండ్ల బహుమతి ప్రకటించాడు. 1928లో క్లబ్బు ఏర్పడింది. జాతి లక్షణాల పత్రంలో రంగులు, కొలతలతో పాటు స్వభావాన్నీ రాసుకున్నారు: స్నేహంగా ఉండాలి, మీదపడకూడదు, బెదరకూడదు. పెళ్లి ప్రకటనల్లో వధువు రంగు, ఎత్తుల తర్వాత వచ్చే మాటలు నాకు గుర్తొస్తే ఆశ్చర్యమేముంది?

ఆ స్వభావం అబద్ధమనను. ఆ కుక్క నిజంగానే ప్రేమిస్తుంది. నా అనుమానమల్లా దాన్ని మెచ్చుకునేవాళ్ల మీదే. ఈ జాతిలో చాలా కుక్కలకు పుర్రె వెనుక భాగం మెదడుకు చాలదు. వెన్నుపాము లోపల నీరు చేరి తిత్తులు ఏర్పడతాయి. నొప్పి ఎక్కువైన కుక్క నడుస్తూ నడుస్తూ కాలెత్తి మెడ దగ్గర గాలిని గోక్కుంటుంది. గుండె కవాటం జబ్బు కూడా మిగతా జాతులకన్నా ముందే వస్తుంది. ఇంత బాధలోనూ తోకాడిస్తూనే ఉంటే, ఎంత నెమ్మదో అంటాం. మన భాషలో జంతువులు నోరులేని జీవాలు. మెచ్చదగ్గ కోడలేమో నోట్లో నాలుక లేని పిల్ల. జంతువు మీద జాలి పుట్టించే లోపమే కోడలి దగ్గరికొచ్చేసరికి యోగ్యత అవుతుంది. కావలియర్ దగ్గర ఈ రెండూ కలిసిపోయాయి. అక్కడ జాలి కూడా మిగల్లేదు, మెప్పే మిగిలింది.

కుక్క తన స్వభావానికి జవాబుదారీ కాదు. అడగాల్సింది తయారు చేసినవాళ్లనే. నార్వేలో జంతు సంరక్షణ సంఘం కోర్టుకెక్కి అదే అడిగింది. కావలియర్లను ఇప్పుడున్న తీరులో పుట్టించడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని 2022లో ఓస్లోలోని కింది కోర్టు, 2023లో ఆ దేశపు సుప్రీంకోర్టు తేల్చాయి. వేరే జాతులతో శాస్త్రీయంగా సంకరం చేయడానికి మాత్రం దారి ఉంచాయి. అలా పుట్టే కుక్కకు మూతి మారవచ్చు, రంగు మారవచ్చు. ఒళ్లోకి రమ్మంటే రాకపోవచ్చు కూడా. మెదడుకు సరిపడా పుర్రె ఉన్న ఆ మొండిదాన్ని ఇంత ముద్దుగానూ చూస్తారా?