దయ ఉంటే చాలా? నృగ మహారాజు కథ, మా ఇంటి ఊసరవెల్లి పిల్లలు



మొన్న నృగ మహారాజు కథ మీద వీడియో పెట్టినప్పటి నుంచి చాలామంది ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అమ్మా, లెక్కలేనన్ని ఆవుల్ని దానం చేసిన మహానుభావుడు, ఒక్క ఆవు విషయంలో తెలియక పొరపాటు చేస్తే ఊసరవెల్లి జన్మా? ఇదేం న్యాయం?" అని. వీడియోలో ఏదో పది నిమిషాల్లో చెప్పేశాను గానీ, నిజం చెప్పాలంటే ఆ జవాబు నాకే సరిపోలేదు. ఈ కథ నేను చిన్నప్పటి నుంచి వింటున్నదే. కానీ అందులో ఉన్న బాధ నాకు తగిలింది మాత్రం ఒక ప్లాస్టిక్ డబ్బా ముందు కూర్చున్నప్పుడు. ఆ సంగతి ఇక్కడ రాస్తాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

మా అత్తగారి ఊరు కదిరి దగ్గర. వాన పడితే చెనక్కాయ వేస్తారు, పడకపోతే ఆకాశం వైపు చూస్తారు. ఆ సంవత్సరం మొదటి వాన పడగానే చేను గట్టు సరిచేయించడానికి జేసీబీ పెట్టించారు. గట్టు మట్టి తవ్వి పోస్తుంటే అందులోంచి చిన్న చిన్న పిల్లలు బయటికొచ్చాయి. ఊసరవెల్లి పిల్లలు. చిటికెన వేలిలో సగం ఉంటాయేమో, తోక కలిపితే ఇంకాస్త. మా మరిది కొడుకు, అప్పటికి పదకొండేళ్ళవాడు, వాటిని ఏరుకుని బిస్కెట్ల డబ్బాలో వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. "పెద్దమ్మా, వీటి అమ్మ ల్యా. మనమే సాకాల" అన్నాడు.

లెక్కపెడితే పదకొండు.

మా అత్తమ్మ చూసి "అయ్యో, అవేంటికి ఇంట్లోకి తెస్తివిరా, విషం!" అని దూరం జరిగింది. మా వైపు ఆ భయం ఎక్కువ. ఊసరవెల్లి కనబడితే రాయి తీసుకునేవాళ్ళే గానీ వదిలేసేవాళ్ళు తక్కువ. పాపం, దానికి విషం లేదు, ఏమీ లేదు. రంగులు మారుస్తుంది కాబట్టి నమ్మకూడనిదని ఒక ముద్ర వేశాం. మాట మార్చే మనిషికి దాని పేరు పెట్టి తిడతాం. రంగు మార్చడం అది మనల్ని మోసం చెయ్యడానికి కాదండీ. ఒళ్ళు వెచ్చబెట్టుకోవడానికి ముదురు రంగులోకి వస్తుంది, తోటి ఊసరవెల్లికి తన కోపమో భయమో తెలియజెయ్యడానికి మారుస్తుంది. మన మొహం ఎర్రబడితే మనల్ని మోసగాళ్ళంటారా ఎవరైనా?

సరే, నాకు జాలి పుట్టింది. జాలి పుట్టగానే పెంకులో నీళ్ళు పెట్టాను. ఒక్కటీ మూతి పెట్టలేదు. అన్నం మెతుకులు నలిపి పెట్టాను. చూడనుకూడా చూడలేదు. బెల్లం నీళ్ళు, తర్వాత అరటిపండు గుజ్జు. ఏదీ తినవు, ఏదీ తాగవు. కళ్ళు మాత్రం ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పుతూ డబ్బా గోడ పట్టుకుని ఎక్కబోయి జారిపడుతున్నాయి. సాయంత్రానికి వాడు ఏడుపు మొహం పెట్టాడు. నాకూ కంగారు ఎక్కువైంది. పూజ గదిలో నైవేద్యం పెట్టిన ఆవుపాలు ఉన్నాయి. స్వామి ప్రసాదం కదా, మంచే జరుగుతుందని మందు డ్రాపర్‌తో తీసుకుని, ఒకదాని నోరు మెల్లగా తెరిచి రెండు చుక్కలు పోశాను.

అది తెల్లారేసరికి చనిపోయింది. నేను పాలు పోసిన రెండోది మధ్యాహ్నానికి పోయింది.

మూడోదాని నోరు తెరవబోయి ఎందుకో చెయ్యి ఆగింది. అనంతపురంలో మాకు తెలిసిన జువాలజీ లెక్చరర్ ఒకాయన ఉన్నారు, రిటైర్ అయ్యారు. ఆయనకి ఫోన్ చేశాను. నేను చెప్పిందంతా విని, ఆయన మొదట కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "అమ్మా, పాలిచ్చే తల్లికి పుట్టినవాటికే పాలు. వాటికి అది అరగదు. పైగా బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

ఆయన చెప్పినవి ఆ రోజు కాగితం మీద రాసుకున్నాను. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి కడుపులో సొన కొంచెం మిగిలి ఉంటుంది, అందుకని మొదటి ఒకటి రెండు రోజులు తినకపోయినా కంగారు పడక్కర్లేదట. గిన్నెలో నిలవున్న నీళ్ళు అసలు నీళ్ళని వాటికి తోచదట. ఆకుల మీద మంచు బిందువులు, వాన చినుకులు, అవి మెరిస్తే నాకుతాయి. కళ్ళు గుంటలు పడితే దాహంతో ఉన్నట్టు. కదలని తిండి వాటికి తిండి కాదు, కదిలే చిన్న పురుగు కనబడాలి, అప్పుడు నాలుక విసురుతాయి. పదేపదే చేత్తో పట్టుకుంటే బెదిరిపోయి ఇంకా తినవు. డబ్బా ఎండలో పెడితే ఉడికిపోతాయి. చివరగా ఇంకొకటి చెప్పారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఊసరవెల్లికి రక్షణ ఉంది, ఇంట్లో పెంచుకోకూడదు, కాస్త తేరుకోగానే దొరికిన చోటికి దగ్గర్లోనే పొదలో వదిలెయ్యండి, బాగా దెబ్బతిన్నది ఏదైనా ఉంటే ఫారెస్ట్ వాళ్ళకి అప్పజెప్పండి, అన్నారు.

అంటే చూడండి. నేను పెట్టినవన్నీ నాకు ప్రేమతో పెట్టే అలవాటున్నవి. పిల్ల ఆకలితో ఉంటే అన్నం, పాలు, బెల్లం. ఆ ప్రాణి ఏమిటి, దాని ఆకలి ఎలా ఉంటుంది అని ఒక్క నిమిషం కూడా చూడలేదు. నా దయ నిజమైనదే, అందులో అబద్ధం లేదు. అయినా రెండు పోయాయి.

అప్పుడు తోచింది నృగుడు. దశమ స్కంధం ఉత్తర భాగంలో కథ మీకు తెలిసిందే. యాదవ బాలురు ఆడి ఆడి దాహమేసి నీళ్ళ కోసం వెతుకుతూ ఒక పాడు నూతిలోకి తొంగిచూస్తారు. నీళ్ళు లేవు, కొండంత ఊసరవెల్లి ఉంది. తాళ్ళు కట్టి లాగుతారు, రాదు. కృష్ణయ్య వచ్చి ఎడమచేత్తో అవలీలగా పైకి తీస్తాడు. ఆ రాజు చెప్పుకున్నది ఏమిటి? ఒక బ్రాహ్మణుడికి ఇచ్చిన ఆవు తప్పిపోయి తిరిగి తన మందలో కలిసింది, అది తెలియక ఇంకొకరికి ఇచ్చాడు. ఇద్దరూ వచ్చి నిలదీశారు. ఒక్క ఆవుకి బదులు లక్ష ఆవులిస్తానన్నాడు. ఇద్దరూ ఒప్పుకోలేదు.

ఇది వినేటప్పుడు నేను ఎప్పుడూ రాజు పక్షమే. లక్ష ఆవులిస్తానంటే ఇంకేం కావాలి వీళ్ళకి అనిపించేది. ఆ డబ్బా ముందు కూర్చున్నాక మొదటి బ్రాహ్మణుడు గుర్తొచ్చాడు. ఆయనకి కావలసింది ఆ ఆవు. రాజు దగ్గర ఇవ్వడానికి లక్ష ఉన్నాయి, ఆ ఒక్కటి తప్ప. ఇచ్చేవాడి లెక్క వేరు, పుచ్చుకునేవాడి అవసరం వేరు. అన్ని ఆవులు ఇస్తూ ఇస్తూ ఉంటే ఏ ఆవు ఎవరిదో చూసుకునే తీరిక ఎక్కడిది? శిక్ష పెద్దదా చిన్నదా అని నేను ఇప్పటికీ తేల్చలేను. కానీ "తెలియక చేశాను" అనే మాట చచ్చిపోయినదానికి ఏ విధంగానూ పనికిరాదు అని మాత్రం అర్థమైంది.

సరే, మిగిలిన తొమ్మిదిటినీ డబ్బాలోంచి తీసి, వరండాలో కరివేపాకు కొమ్మలు కుండీలో గుచ్చి, చుట్టూ పాత దోమతెర కట్టాం. వాడు బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు చల్లే సీసా తెచ్చి ఆకుల మీద తుంపర కొట్టాడు. ఐదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒకటి తల వంచి ఆకు అంచున వేలాడుతున్న చుక్కని నాకింది. వాడు అరవకుండా నోరు మూసుకున్నాడు. నాకైతే కళ్ళ నీళ్ళు ఆగలేదండీ.

తిండి దగ్గర మళ్ళీ చిక్కు. అవి తినేది పురుగుల్నే. మాది నాలుగు తరాలుగా శాకాహారపు ఇల్లు. మగ్గిన అరటిపండు తొక్క దోమతెరలో పెడితే చిన్న చిన్న ఈగలు మూగుతాయి, అవే వాటికి సరిపోతాయని లెక్చరర్ గారు చెప్పారు. తొక్క చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఈగల్ని రమ్మని పిలిచి నోటికి అందించడం నా చేత్తో చంపడమేనా? శిబి చక్రవర్తి కథలో డేగ అడుగుతుంది కదా, పావురాన్ని కాపాడావు బాగానే ఉంది, నా ఆకలి మాటేమిటి అని. శిబి తన తొడ కోసి ఇచ్చాడు. ఇవ్వడానికి ఆయన దగ్గర డేగ తినేది ఉంది. నా దగ్గర ఉన్నదేదీ ఇవి తినవు. మరి "నేను హింస చెయ్యను" అని చేతులు ముడుచుకుంటే, ఆ పుణ్యం నాకు, చావు వాటికి. అలాంటి పుణ్యం నాకెందుకు అనుకుని తొక్క పెట్టేశాను. సరేనా తప్పా అంటే ఇప్పటికీ మనసులో చిన్న ముల్లు ఉంది. ఈగకి కూడా ప్రాణమే కదా. పెద్దలెవరైనా ఇంకోలా చెప్తే వింటాను. మొదటి పిల్ల నాలుక విసిరినప్పుడు మాత్రం, అంత చిన్న ఒంట్లోంచి ఒళ్ళంత పొడుగు నాలుక రావడం చూసి, ఇది నేర్పినవాడు ఎవరో గానీ నేర్పకుండా భూమ్మీదికి పంపలేదు అనిపించింది.

ఆ రాత్రి అత్తమ్మ దూరంగా మంచం మీద కూర్చునే అంది, "తల్లి గుడ్లు పెట్టి మన్ను కప్పి పాయె. మళ్ళా తిరిగి చూసేది ల్యా. అట్లాంటిదాన్ని తల్లంటారా?" అని. నాకు తాబేలు గుర్తొచ్చింది. తాబేలు ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్ళిపోయి, ఎక్కడో నీళ్ళలో ఉండి తలపుతోనే పిల్లల్ని పోషిస్తుందని మన పెద్దలు గురుకృపకి పోలిక చెప్తారు. చేప చూపుతో, పక్షి స్పర్శతో, తాబేలు తలపుతో. అత్తమ్మకి అదే చెప్పాను. ఆమె కాసేపాగి, "అయితే నువ్వు పట్టుకోకుండా తలుచుకో మరి" అంది. నవ్వులాటకే అంది గానీ, నాకు తగలవలసిన చోటే తగిలింది.

ఎందుకంటే అప్పటికే నా జపం చెడింది. మాల తిరుగుతోంది, చెవి దోమతెర వైపు ఉంది. పంచమ స్కంధంలో భరతుడు రాజ్యం వదిలాడు, సంసారం వదిలాడు, ఏట్లో కొట్టుకుపోయే లేడిపిల్లని పైకి తీశాడు. పైకి తియ్యడం తప్పని ఎవరూ అనలేదు. ఆ తర్వాత అది నాది అయింది, పోయేముందు కూడా దాన్నే తలుచుకుని లేడిగా పుట్టాడు. ఎక్కడ దయ ఆగి మమకారం మొదలైందో ఆయనకే తెలియలేదంటే, నాలాంటిదానికి ఏం తెలుస్తుంది?

మర్నాడు పొద్దున్నే తొమ్మిదిటినీ గట్టు పక్క రేగు పొదల్లో వదలాలి. వాడు ఒక్కొక్క కొమ్మనీ కొమ్మతో సహా తీసుకెళ్ళాడు. ఎనిమిది వదిలాం. ఒకటి బాగా సన్నగా ఉంది, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. "ఇది ఈరోజు ఉండనీరా, కాస్త బలం వచ్చాక వదులుదాం" అన్నాను. ఫారెస్ట్ వాళ్ళకి అప్పజెప్పమని లెక్చరర్ గారు చెప్పింది నా కాగితం మీద ఉంది. అంత దూరం పోవాలా, నేనే చూసుకుంటాను అనుకున్నాను. అది ఇంకో రెండు రోజులు నా వరండాలోనే ఉంది. రాత్రి నిద్రలో తెల్లగా పాలిపోయి కొమ్మకి చుట్టుకుని పడుకునేది, నేను టార్చి వేసి చూసి వచ్చేదాన్ని. మూడోరోజు పొద్దున కొమ్మ కింద పడి ఉంది.

అది ఎలాగూ బతికేది కాదని లెక్చరర్ గారు ఓదార్చారు. కావచ్చు. వాడు దాన్ని తులసికోట పక్కన పాతిపెడతానంటే, ఊసరవెల్లంటేనే భయపడే మా అత్తమ్మ తానే చిన్న గుంట తవ్వి ఇచ్చింది.

ఇప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఊరికి వెళ్ళినప్పుడు ఎవరైనా అడిగితే "ఎనిమిది బతికినాయి" అని గొప్పగా చెప్తాడు. నేను మాత్రం ఎనిమిదిటిని పొదలో వదిలామని చెప్తాను.

శ్రీకృష్ణార్పణం.