విజయ పాతబడితే: శక్తి గురించి ఒక పాత తగువు

ఎండబెట్టి దాచిన గంజాయి, భంగాకు కాలం గడిచేకొద్దీ బలహీనపడతాయి. రంగు కాస్త మారవచ్చు, వాసన పలచబడుతుంది; తూకంలో మాత్రం పెద్ద తేడా రాదు. పోయేది మత్తు. మత్తు ఒక్కటే కావలసినవారికి ఇది నిల్వ సమస్య. అదే ఆకును ‘విజయ’ అని పిలిచి శివుడికి నివేదించేవారికి, సాధనకు తోడుగా చూసేవారికి ఇందులో ఒక తాత్త్విక ప్రశ్న ఉంది. వస్తువు నిలిచి శక్తి పోయిందంటే, ఆ శక్తి వస్తువుకు వేరైన పదార్థమా? దానితోపాటు పవిత్రత కూడా పోతుందా? మొదటి ప్రశ్న మీద మన దార్శనికులు శతాబ్దాలపాటు తగువులాడారు. రెండోదానికి జవాబు మీమాంసలోనూ పూజావిధుల్లోనూ చెదురుగా దొరుకుతుంది.

ముందు ఆకులో జరిగేదేమిటో చూడాలి. పచ్చి మొక్కలో మత్తునిచ్చే టీహెచ్‌సీ చాలా తక్కువ. ఉన్నది దాని ఆమ్లరూపం, అది మత్తు ఎక్కించదు. వేడి తగిలితే ఆ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి టీహెచ్‌సీ తయారవుతుంది. ఆకును ఉడికించడం, వేయించడం, కాల్చడం వెనుక ఉన్న రసాయనం ఇదే. ఈ పదార్థం కొవ్వులో కరుగుతుంది, నీటిలో దాదాపు కరగదు. భంగు కలిపే ఠండాయి పానీయంలో పాలు, బాదం చేరడం రుచికోసమే కాదన్నమాట. టీహెచ్‌సీ నిర్మాణాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో గవోని, మెషూలం తేల్చారు. గాలి, వెలుతురు తగులుతూ ఉంటే అది క్రమంగా సీబీఎన్ అనే మరో పదార్థంగా మారిపోతుంది. దాని మత్తు చాలా స్వల్పం. విచిత్రమేమిటంటే శాస్త్రజ్ఞులకు ముందు చిక్కింది ఈ శేషమే. 1896లో కేంబ్రిడ్జ్‌లో వుడ్, స్పైవీ, ఈస్టర్‌ఫీల్డ్ భారతీయ చరస్ నుంచి దాన్ని వేరుచేశారు.

ఎంత కాలానికి ఎంత పోతుందన్నది కొలిచినవారున్నారు. లండన్‌లో ఫెయిర్‌బెయిర్న్ బృందం 1976లో ప్రచురించిన పరిశీలన ప్రకారం నష్టానికి అన్నిటికంటే పెద్ద కారణం వెలుతురు. చీకటిలో, మామూలు గది వేడిలో, జాగ్రత్తగా ఉంచిన సరుకు ఏడాది రెండేళ్లు బాగానే నిలుస్తుంది. మిసిసిపీ విశ్వవిద్యాలయంలో రాస్, ఎల్‌సోహ్లీ చేసిన లెక్కలో గది ఉష్ణోగ్రత వద్ద మొదటి ఏడాది సుమారు 17 శాతం, నాలుగేళ్లకు 41 శాతం టీహెచ్‌సీ తరిగింది. కెనడాలాగా చట్టం అనుమతించిన చోట్ల ఇళ్లలో పాటించే పద్ధతులన్నీ ఈ లెక్కల చుట్టూనే తిరుగుతాయి. వెలుతురు చొరని, మూత గట్టిగా పట్టే గాజుసీసా. లోపల ఖాళీ తక్కువగా ఉండేలా నింపడం. గాలిలో తేమ 55–65 శాతం మధ్య. తేమ తగ్గితే రెసిన్ ఉన్న సన్నని నూగు ఎండి రాలిపోతుంది, పెరిగితే బూజు పడుతుంది. బూజుపట్టినదాన్ని ఎండబెట్టి వాడుకోవడం ఊపిరితిత్తులకు ప్రమాదం, అది పారవేయవలసిందే. పొడి చేసి దాస్తే నూగులోని గ్రంథులు చిట్లి రెసిన్‌కు గాలి తగులుతుంది. అందుకే విడదీయని కంకి ఎక్కువ కాలం ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టిన సీసాను తరచు తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది. ఎంత జాగ్రత్తపడ్డా ఇదంతా వాయిదా వేయడమే తప్ప ఆపడం కాదు.

ఎంతకాలం వాయిదా వేయవచ్చో చెప్పే సాక్ష్యం చైనాలోని తుర్ఫాన్ ప్రాంతంలో దొరికింది. యాంఘాయ్ శ్మశానవాటికలో సుమారు 2,700 ఏళ్లనాటి ఒక సమాధిలో 789 గ్రాముల గంజాయి బయటపడింది. అక్కడ పడుకున్న మనిషి పూజారివంటివాడై ఉంటాడని పరిశోధకుల అంచనా. ఎడారి పొడిగాలిలో ఆకు ఇంకా పచ్చగానే ఉంది. వాసన లేదు, గింజలు మొలకెత్తలేదు. 2008లో ప్రచురించిన విశ్లేషణలో ప్రధానంగా కనిపించింది సీబీఎన్. పరలోకానికి తోడుగా పంపిన ఆకు రూపాన్ని కాపాడుకుంది, చేయవలసిన పనిని మాత్రం ఎప్పుడో మరిచిపోయింది.

ఇలాంటి వస్తువును మీమాంసకుల ముందు, నైయాయికుల ముందు పెడితే రెండు వేర్వేరు తీర్పులు వస్తాయి. శక్తి ప్రత్యేక పదార్థమని మీమాంసకులు, ముఖ్యంగా వారిలో ప్రాభాకర శాఖవారు, వాదించారు. వారి ఉదాహరణ నిప్పు. ఒకానొక మణిని దగ్గర పెడితే నిప్పు కాల్చదు, మణిని తీసేస్తే మళ్లీ కాలుస్తుంది. రెండు సందర్భాల్లోనూ కంటికి కనబడే నిప్పు ఒకటే. కనుక కాల్చే శక్తి నిప్పుకంటే వేరు. మణి ఉన్నప్పుడు అది నశించింది, తీసేశాక తిరిగి పుట్టింది. మణిసంగతి నేటి పాఠకుడికి నమ్మశక్యంగా ఉండకపోవచ్చు. వాదం నిర్మాణం మాత్రం గట్టిదే: కారణం మారకుండా కార్యం ఆగిపోతే, కారణంలో కనబడనిదేదో మారి ఉండాలి.

నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈ వాదాన్ని విస్తారంగా ఖండించాడు. తర్కసంగ్రహం రాసిన మన తెలుగువాడు అన్నంభట్టు, దానికి తానే రాసుకున్న దీపికలో, ఇదే ఖండనను కొద్ది మాటల్లో తేల్చేశాడు. అడ్డంకి లేకపోవడం కూడా ప్రతి కార్యానికీ ఒక కారణమే. మణి ఉంటే ఆ కారణం లోపించింది, అంతే. ఇంకొక పదార్థాన్ని కల్పించవలసిన అవసరమేముంది? వారి ఏడు పదార్థాల పట్టికలో శక్తికి చోటు లేదు.

పాతబడిన భంగు ఈ వాదంలోకి దిగితే మొదట మీమాంసకుడికే బలం చేకూర్చినట్టు కనిపిస్తుంది. ఆకు అదే, మత్తు లేదు, దగ్గర్లో మణీ లేదు. అయితే నిప్పులో పోయిన శక్తి తిరిగి వస్తుంది. సీసాలో పోయిన మత్తు ఏం చేసినా రాదు. ఇది అడ్డంకి కాదు, నాశం. ఆకులో ఒక గుణం పోయి మరో గుణం పుట్టిందని చెప్పడానికి న్యాయ వైశేషికాల్లో సిద్ధంగా ఉన్న మాట ‘పాకం’. తేజస్సు తగలడం వల్ల పృథివీద్రవ్యంలో రూపం, రసం, గంధం, స్పర్శ మారడమే పాకం. ఆవంలో పెట్టిన నల్లకుండ ఎర్రబడటం దానికి శాస్త్రంలో వాడుకగా చెప్పే ఉదాహరణ. ఆ మార్పు పరమాణువుల్లోనే జరుగుతుందని వైశేషికులు, మొత్తం కుండలోనే జరుగుతుందని నైయాయికులు మళ్లీ విడిపోయారు. ఆధునిక రసాయనం చెప్పేది వైశేషికులకు కొంచెం దగ్గరగా ఉంటుంది: కంటికి అందని స్థాయిలో పదార్థమే వేరొకటైంది, అదే పదార్థం నుంచి శక్తి అనేదొకటి లేచిపోలేదు. వేడి రూపంలో మత్తును పుట్టించేదీ తేజస్సే, వెలుతురు రూపంలో దాన్ని చెరిపేదీ తేజస్సే. అన్నంభట్టుకు ఈ ఉదాహరణ దొరికి ఉంటే వదిలిపెట్టేవాడు కాదేమో.

శక్తి వస్తువులోనే ఉంటే, వస్తువును ఆశ్రయించిన అనుభవం సంగతేమిటి? పతంజలి యోగసూత్రాల నాలుగో పాదం మొదటి సూత్రంలోనే సిద్ధులు కలిగే మార్గాల్లో జన్మ, మంత్రం, తపస్సు, సమాధులతోపాటు ఓషధిని కూడా చేర్చాడు. ఏ ఓషధి అన్నది చెప్పలేదు. భంగు సమర్థకులు ఈ సూత్రాన్ని తరచు ఆశ్రయిస్తారు, అదే పాదంలో కొంచెం ముందుకు వెళ్లరు. ఆరో సూత్రానికి వచ్చేసరికి, ధ్యానం వల్ల కలిగిన చిత్తానికే కర్మవాసనలు అంటవని పతంజలి గీత గీశాడు. ఓషధి పని చేస్తుందన్నాడు, విడిపిస్తుందని అనలేదు. అద్వైతులు మరింత కఠినంగా మాట్లాడతారు: పుట్టించబడినదేదైనా అనిత్యం, కనుక ఒక ద్రవ్యం పుట్టించిన ఆనందం ఆ ద్రవ్యం ఆయువును దాటదు.

ఆయుర్వేదం ఈ మొక్కను మోక్షంతో ముడిపెట్టలేదు. శార్ఙ్గధర సంహిత భంగును నల్లమందుతో కలిపి ‘వ్యవాయి’ ద్రవ్యాలకు ఉదాహరణగా చెప్పింది. అంటే జీర్ణం కాకముందే ఒళ్లంతా వ్యాపించేవి. బుద్ధిని లోపింపజేసే ద్రవ్యాలను అదే గ్రంథం తమోగుణ ప్రధానమైనవని చెబుతుంది. అథర్వవేదం పదకొండో కాండలో సోముడు రాజుగా ఉన్న ఐదు మొక్కల్లో ‘భంగ’ పేరు వస్తుంది, పాపం నుంచి విడిపించమనే ప్రార్థనలో. అది నేటి భంగేనా అన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. అయినా అక్కడి ప్రార్థన మొక్కను ఉద్దేశించింది, మత్తును కాదు.

ఈ తేడా యజ్ఞశాస్త్రంలో స్పష్టంగా కనబడుతుంది. మీమాంసా సూత్రాల ఆరో అధ్యాయం మూడో పాదం ప్రతినిధి ద్రవ్యాలను చర్చిస్తుంది. విధించిన ధాన్యం దొరక్కపోతే దానికి పోలికగల మరో ధాన్యం వాడవచ్చు. సోమలత దొరకనప్పుడు పూతీక అనే మొక్క వాడమని శ్రుతే చెబుతుంది. దేవతకు, మంత్రానికి మాత్రం ప్రతినిధి లేదు. సోమం తాగితే కలిగే స్థితే యజ్ఞఫలమై ఉంటే పూతీకతో పని జరిగేది కాదు. ఫలం ‘అపూర్వం’ అనే కనబడని సంస్కారం ద్వారా వస్తుందన్నది మీమాంసకుల సిద్ధాంతం. ద్రవ్యంలో ఘాటు ఎంతో ఎవరూ కొలవరు. శక్తిని వేరే పదార్థమన్న మీమాంసకులే యజ్ఞఫలాన్ని ద్రవ్యపు ఘాటుకు ముడిపెట్టకపోవడం గమనించదగ్గది.

పూజావిధులకు తాజాదనం పట్టింపు లేదని దీనర్థం కాదు. నిన్నటి పువ్వు పర్యుషితం, పనికిరాదు. భగవద్గీత పదిహేడో అధ్యాయం జాములు గడిచి రసం పోయిన ఆహారాన్ని తామసమంది. మళ్లీ తులసికి, మారేడుకు, గంగాజలానికి ఈ నియమం లేదు, అవి ఎన్నాళ్లున్నా పాతబడవు. ఎండిన మారేడుదళం శివుడికి పనికొస్తుందంటే, ఇక్కడ కాపాడుతున్నది దళంలోని సత్తువను కాదు, దానికున్న అర్హతను. తులసివనంలో గంజాయి మొక్క అన్న సామెత రెండు మొక్కలనూ ఎదురెదురుగా నిలబెట్టింది. నిల్వ విషయంలో కూడా అవి ఎదురెదురే.

తంత్రశాస్త్రం మధ్యేమార్గం పట్టింది. మహానిర్వాణ తంత్రం ఐదో ఉల్లాసంలో విజయను మంత్రాలతో శోధించే పద్ధతి ఉంది. శోధించని విజయ వట్టి మత్తు. శోధించినది దేవతకు తగిన ద్రవ్యం. ఇక్కడ ఘాటూ కావాలి, సంస్కారమూ కావాలి. పంజాబులో నిహంగ్ సిక్కులు రోట్లో నూరి ‘సుఖ’ పేరుతో తీసుకునే భంగు కూడా ఇలాంటిదే, అయితే సిక్కుల ఆచార నియమావళి రహత్ మర్యాద భంగుతో సహా మత్తుపదార్థాలన్నిటినీ నిషేధించింది. బౌద్ధుల ఐదో శీలం ప్రమాదానికి, అంటే ఏమరుపాటుకు, మూలమని మత్తును కాదంటుంది. ఆ దారిలో శోధనకు ఆస్కారమే లేదు.

కాబట్టి ఈ మొక్క పవిత్రతను రెండు విధాలుగా సమర్థించవచ్చు. మత్తు వల్ల పవిత్రమనేవారు గడువు తేదీ ఉన్న పవిత్రతను ఒప్పుకోవాలి. గదిలో దాచిన సీసాలో దైవత్వం మొదటి ఏడాదే సుమారు ఆరో వంతు తగ్గుతుందని చెప్పవలసి వస్తుంది. శివుడికి ప్రీతి కనుక పవిత్రమనేవారికి ఆ చిక్కు లేదు, అయితే వారికి ఘాటుతోనూ నిల్వతోనూ పనిలేదు. శివరాత్రికి నాలుగాకులు చాలు. ఆచరణలో ఈ రెండు వాదాలూ కలగాపులగమైపోతాయి. మొదటిది ఇబ్బంది పెట్టినప్పుడు రెండోదాన్ని అడ్డుపెట్టుకోవడమే ఎక్కువ.

పాలకులు కూడా ఈ కలగాపులగాన్ని ఎదుర్కొన్నారు. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన 1893–94లో పనిచేసిన భారత గంజాయి విచారణ సంఘం 1,193 మంది సాక్షులను విచారించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో అప్పటి కృష్ణా జిల్లా, జవ్వాది కొండల సాగు కూడా దాని పరిశీలనలోకి వచ్చింది. పూర్తి నిషేధం వద్దనడానికి సంఘం చెప్పిన కారణాల్లో మతాచారం ఒకటి. 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం వేరే దారి పట్టింది: పూసిన, కాసిన కొనలు గంజాయి, వాటితో కలవని వట్టి ఆకులు, గింజలు కావు. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో లైసెన్సు ఉన్న భంగు దుకాణాలు నడవడానికి ఆధారం ఈ నిర్వచనమే. జమైకా మాత్రం 2015 సవరణతో రాస్తాఫరీ భక్తుల ఆరాధనకు నేరుగా అనుమతినిచ్చింది, ఇంటికి ఐదు మొక్కల పెంపకానికి కూడా.

భారత చట్టం చూసేది మొక్కలోని భాగాన్ని, దాని తూకాన్ని. ఒక కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. స్వల్ప పరిమాణం ఇంట్లో దాచినా ఏడాది వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సరుకు నిరుటిదా, నాలుగేళ్లనాటిదా, అందులో టీహెచ్‌సీ ఎంత మిగిలింది అన్నది ఆ లెక్కలోకి రాదు.