ఇరుసు మార్చిన బండి

మమకారం బంధమని మన శాస్త్రాలన్నీ ఒక్క గొంతుతో చెప్పాయి. అయితే ఒక పాత యంత్రం మీద మనిషి పెంచుకున్న ప్రేమను ఏ ఖాతాలో వేయాలి? ఎంజీ, ట్రయంఫ్, ఆస్టిన్ హీలీ వంటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు నడిపినవాళ్లు వాటిని అమ్మేసి ఎన్నో ఏళ్లయినా, చనిపోయిన ఆప్తుణ్ణి తలుచుకున్నట్టు తలుచుకుంటారు. ఇది ఎక్కడో సీమదేశపు ముచ్చట అనుకోనక్కర్లేదు. 1961 నుంచి మద్రాసులో తయారై మన రోడ్ల మీద తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్, ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డే. ఆ చట్రాన్నే కురచ చేసి అక్కడ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు కట్టారు. వర్ని, బోధన్ పల్లెల్లో పాత ట్రాక్టరును అమ్మడానికి చేతులు రాని రైతుదీ ఇదే ప్రేమ. దీన్ని మోహమని కొట్టిపారేయడం తొందరపాటని నా వాదన. సరిగ్గా చూస్తే అనిత్యతను మనకు అలవాటు చేసే సాధనల్లో ఇదొకటి.

ముందు, ఆ ప్రేమ దేని మీదో తేల్చాలి. 1929లోనూ 1930లోనూ లే మాన్ 24 గంటల పందెం గెలిచిన బెంట్లీ కారు ఒకటుంది. దాని పేరు ఓల్డ్ నంబర్ వన్. పందేల కోసం, ప్రమాదం తర్వాత దాని భాగాలు ఎన్నిసార్లో మారాయి. దాన్ని కోటి పౌండ్లకు కొనేందుకు ఒప్పుకున్నవారు, ఇది అసలు కారు కాదంటూ వెనక్కి తగ్గారు. ఆ తగువు 1990లో ఇంగ్లండు హైకోర్టుకెక్కింది. మొదటి రోజున పుట్టిన కారు ఇది కాకపోవచ్చు గానీ, దాని చరిత్ర ఎక్కడా తెగలేదు కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అని జస్టిస్ ఆటన్ తీర్పు చెప్పారు. ఎంజీ వారి ఎంజీబీ కారు సంగతి ఇంకా విచిత్రం. 1962 నుంచి 1980 దాకా అయిదు లక్షలకు పైగా కార్లు తయారుచేసి, ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడింది. 1988 నుంచి మళ్లీ కొత్త బాడీలు దొరుకుతున్నాయి. తుప్పుపట్టిన ఒళ్లు వదిలి కొత్త ఒళ్లు తొడుక్కున్న ఆ కారును యజమాని అదే పేరుతో పిలుస్తాడు.

న్యాయమూర్తి ముందుకొచ్చిన ప్రశ్ననే రెండు వేల ఏళ్ల కిందట నాగసేన భిక్షువు మిళిందరాజును అడిగినట్టు మిళిందపన్హ అనే బౌద్ధ గ్రంథం చెబుతుంది. నొగ రథమా? ఇరుసు రథమా? చక్రాలా, కాడా, పగ్గాలా? ఏదీ కాదు. అన్నీ కూడినప్పుడు వాడుకకు పెట్టుకున్న పేరే రథం. రాత్రంతా వెలిగే దీపంలో మొదటి జాము జ్వాల, చివరి జాము జ్వాల ఒకటి కావు, వేరూ కావు. ఈ మాట బోధన్ ప్రాంతానికి పరాయిది కాదు. అస్మక జనపద రాజధాని పోదన ఈ బోధనేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అస్మకంలో గోదావరి ఒడ్డున ఉన్న బావరి తన పదహారుమంది శిష్యులను ప్రశ్నలిచ్చి బుద్ధుడి దగ్గరికి పంపాడని సుత్తనిపాతం చెబుతోంది. దీపం దాకా కూడా వెళ్లక్కర్లేదు, చెరకు మడి చాలు. మొక్క తోట నరికాక ఆ మోళ్ల నుంచే కార్శి తోట లేస్తుంది. నిరుటి గడ ఒక్కటీ మిగల్లేదు, అయినా వేరు తెగలేదు. పాత కారును ప్రేమించేవాడు ఈ కార్శి సత్యాన్ని చేతులతో నేర్చుకుంటాడు. భాగం పోతుంది, మార్చాలి. మార్చినా బండి బండే.

విషయాలను ధ్యానించేవాడికి సంగం, దాని నుంచి కామం, కామం నుంచి క్రోధం పుడతాయని గీత చెప్పింది కదా అని ఎవరైనా అడగవచ్చు. బలమైన ఆక్షేపణే. కానీ ధ్యానించడం వేరు, సేవించడం వేరు. ఆ బ్రిటిష్ కార్ల జంట కార్బురేటర్లను సరిచేసే మనిషిని చూడండి. రబ్బరు గొట్టం ఒక కొసను కార్బురేటర్ నోటి దగ్గర పట్టి, రెండో కొసను చెవికి ఆనించుకుంటాడు. గాలి బుస వింటాడు. రెండో దానికి మారి మళ్లీ వింటాడు. రెండు బుసలూ సమమయ్యేదాకా స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతాడు. ఆ కాసేపు అతనిలో నాది అన్న ఊసుండదు, వినడమే ఉంటుంది. కఠోపనిషత్తు శరీరాన్ని రథమన్నా దాన్ని తగలబెట్టమనలేదు, పగ్గాలు చేతిలో ఉంచుకోమంది. బంధమంటే ఏమిటో చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను చూడాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని తెప్పించుకోబోయి, అది చేరకముందే 1911లో కన్నుమూశాడు. అది నడిచింది కొన్ని వందల మైళ్లేనంటారు. నడవని రథం ఆస్తి మాత్రమే.

ఇది డబ్బున్నవాళ్ల విలాసమనీ, వాళ్లు తలుచుకునేది కారును కాదు, పోయిన యవ్వనాన్ననీ ఇంకో మాట ఉంది. యవ్వనం అందులో కలిసే ఉంటుంది, కాదనను. కానీ యవ్వనంలో వాడిన వస్తువులన్నీ గుర్తుండవు. మొరాయించి, మన చేత ఓపిక పట్టించినవే గుర్తుంటాయి. విలాసమన్న మాటకు దసరా రోజే జవాబు. ఆనాడు పల్లెలో ట్రాక్టరును కడిగి, పసుపు కుంకుమలు దిద్ది, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఆ పూజకు బండి ఖరీదుతో పనిలేదు.

బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయింది. చేయి తగలడం మానేసిన యంత్రం ఏమవుతుందో ఈ నేలకు చెప్పనక్కర్లేదు. ఇరుసు మార్చినా బండి బతుకుతుంది, కందెన పెట్టే చేయి ఆగితే చస్తుంది. వస్తువును పట్టుకు వేలాడే ప్రేమ మోహం. అది అరిగిపోతుందని తెలిసీ కందెన పెట్టే ప్రేమ ధర్మం.