అర్థం కాని నిరూపణ

పోయిన ఏడాది ఆగమన కాలంలో ఒక పనిమీద పాడేరు వెళ్ళాను. ఆదివారం పూజ ముగిశాక జనం గుడి ముందు ఎండలో నిలబడి మాట్లాడుకుంటున్నారు. డిసెంబరులో పాడేరు చలి ఎరిగినవారికి ఆ ఎండ విలువ తెలుసు. శాలువా కప్పుకున్న ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి నిలబడింది. లోపలి కొండల్లో ఒక పల్లె ఉపదేశిగారి కూతురు. తండ్రిని నేను చాలాకాలంగా ఎరుగుదును. పిల్ల డిగ్రీ చదువుతోంది, లెక్కలు తీసుకుని.

"మాస్టారూ, ఒకటి అడుగుతాను, నవ్వకూడదు," అంది. "అర్థం కాని ప్రూఫు బట్టీపట్టి పరీక్షలో రాసేస్తే అబద్ధం ఆడినట్టేనా? పాపసంకీర్తనంలో చెప్పుకోవాలా?"

నవ్వకూడదని ముందే చెప్పింది గనుక నవ్వలేదు. "అలాంటివి పాపాలు కావమ్మా, బాగా చదువుకో," అని పెద్దవాళ్ళు ఇచ్చే జవాబొకటి ఇచ్చి తప్పించుకున్నాను. మధ్యాహ్నం బస్సు ఘాటీ దిగుతుంటే ఆ జవాబు నాకే రుచించలేదు.

నేను ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నేను బి.యస్సీ. చదివిన రోజుల్లో లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం మూడూ సమానం. ఏడాదికి ఒకటే పరీక్ష. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, ఈసారి ఏ సిద్ధాంతాలు వస్తాయో లెక్కగట్టి, గైడు తెచ్చుకుని, వరుస తప్పకుండా కంఠతా పట్టేవాళ్ళం. ఎప్సిలాన్, డెల్టా అనే గ్రీకు అక్షరాలు ఏ పంక్తిలో వస్తాయో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి. ఎందుకు వస్తాయో మాత్రం తెలియదు. ప్రథమ శ్రేణి వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషించారు. అందులో తప్పేమైనా ఉందన్న ఆలోచన నాకు రానే లేదు. ఈ పిల్లకు వచ్చింది.

ఆమెను బాధపెట్టిన ఆ ప్రూఫు ఏమిటో కొంచెం చెప్పాలి. లెక్కలంటే భయపడే పాఠకులు కూడా దయచేసి పేజీ తిప్పవద్దు, ఇది బస్సు ప్రయాణం అంత సులువు. విశాఖపట్నం సముద్రమట్టానికి దగ్గరగా ఉంది. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చోడవరం, మాడుగుల మీదుగా ఘాటీ ఎక్కి పాడేరు చేరిన బస్సు దారిలో ఏదో ఒక చోట సరిగ్గా 500 మీటర్ల ఎత్తున ఉండి తీరాలి. మధ్యలో దిగివచ్చి మళ్ళీ ఎక్కినా సరే, ఆ ఎత్తును ముట్టకుండా పైకి చేరే ఉపాయం లేదు. సిద్ధాంతం అంతే. దీనిని డిగ్రీలో 'ఇంటర్మీడియట్ వాల్యూ థీరం' అంటారు. ఇంత తేటతెల్లమైన దానికి రెండు పేజీల నిరూపణ ఎందుకు?

ఆ ప్రశ్నకు జవాబు వెదికినవాడు మన శ్రీసభ గురువే. పేరు బెర్నార్డ్ బొల్జానో. ప్రాగ్ నగరంలో పుట్టి, గురువై, 1805లో అక్కడి విశ్వవిద్యాలయంలో మతతత్వం బోధించే ఆచార్యుడయ్యాడు. యుద్ధాలను, మనుషుల మధ్య హెచ్చుతగ్గులను తప్పుపడుతూ ప్రసంగాలు చేసినందుకు 1819లో ఆస్ట్రియా చక్రవర్తి ఆజ్ఞతో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1817లో, ఈ సిద్ధాంతం మీద ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. గీత గీసి "చూడండి, దాటుతోంది కదా" అనడం నిరూపణ కాదని ఆయన వాదం. కంటికి తోచింది నిజమే కావచ్చు, కానీ ఎందుకు నిజమో సంఖ్యలనుంచే చెప్పాలి.

ఆయన పట్టుదల వెనుక గట్టి కారణం ఉంది. ఒకటిన్నరను ఒకటిన్నరతో గుణిస్తే రెండుంపావు. 1.4ను 1.4తో గుణిస్తే 1.96. ఒకటి రెండుకు తక్కువ, మరొకటి ఎక్కువ. మరి తనతో తాను గుణించుకుంటే సరిగ్గా రెండు వచ్చే భిన్నం ఏది? ఎంత వెదికినా దొరకదు, అలాంటి భిన్నమే లేదని పూర్వం గ్రీకులే కనుగొన్నారు. అంటే భిన్నాలు మాత్రమే పరిచిన దారిలో వెళ్ళేవాడు రెండుకు కిందినుంచి పైకి పోతాడు గాని, రెండు మీద కాలు మోపడు! దారిలో కంటికి కనబడని గుంట ఉంది. తేటతెల్లం అనుకున్నది అక్కడ అబద్ధమైపోయింది. బొల్జానో పేరు డిగ్రీ పాఠాల్లో ఇంకో సిద్ధాంతంలోనూ, వయర్‌స్ట్రాస్ పేరుతో జతగా, కనిపిస్తుంది. ఆయన గురువని మా రోజుల్లో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మార్కులేమీ పెరిగేవి కాదు గాని, ఆ పేరుకు ఒక ముఖమైనా ఉండేది.

ఇక పిల్ల అడిగిన ప్రశ్న. అది అబద్ధమా?

పునీత అగస్టీనుగారు అబద్ధం మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. మనసులో ఒకటి, మాటలో మరొకటి ఉంచుకుని ఎదుటివాణ్ణి మోసగించాలనుకోవడమే ఆయన దృష్టిలో అబద్ధం. ఆ లెక్కన పరీక్ష పేపరులో మోసపోయేది ఎవరు? పేపరు దిద్దే ఆయనకు పిల్లలు బట్టీపట్టారని తెలుసు. పిల్లలకు ఆయనకు తెలుసునని తెలుసు. అందరికీ తెలిసిన దానిలో మోసం ఏముంది? బస్సులో నేను మొదట ఇలాగే సమాధానపడ్డాను.

మా నాయనమ్మ కూడా గుర్తొచ్చింది. 1960ల వరకు మన గుళ్ళలో పూజ లతీను భాషలో జరిగేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. లతీను జవాబులు మాత్రం ఒక్కటి తప్పకుండా చెప్పేది. అర్థం తెలియదు. ఆమె ప్రార్థన అబద్ధమని ఎవరైనా అనగలరా? అనలేరు. మరి ఈ పిల్ల రాసిన నిరూపణ మాత్రం ఎందుకు అబద్ధం కావాలి?

ఇక్కడే నాకు తేడా కనిపించింది. ప్రార్థన వినేవాడి మీద ఆనుకుని నిలబడుతుంది. నాయనమ్మకు అర్థం కాకపోయినా ఆయనకు అర్థమవుతుందన్న నమ్మకం ఆమెది, ఆ నమ్మకమే ప్రార్థన. నిరూపణకు అలాంటి ఆధారం లేదు. ఫలానా ఆచార్యుడు చెప్పాడు గనుక నిజం అనడానికి వీల్లేని ఒకే ఒక్క చదువు గణితం. అగస్టీనుగారే స్వేచ్ఛాచిత్తం మీద రాసిన గ్రంథంలో ఏడూ మూడూ పది అనే సంగతిని తీసుకుని, ఇది ఎవరి సొంత ఆస్తీ కాదు, ఆలోచించే ప్రతివారికీ ఒకేలా అందుతుంది అంటారు. కొండమీది పిల్లకు అందిన నిరూపణ ప్రాగ్ ఆచార్యుడికి అందినదానికి ఒక్క వీసం కూడా తక్కువ కాదు. అర్థం చేసుకోకుండా దానిని చేత్తో రాయడమంటే, తన పేరున ఉన్న భూమిని చూడకుండానే పట్టా కాగితం పెట్టెలో దాచుకోవడం.

మన్యంలో ఈ మాటకు బరువు ఎక్కువ. ఎవరో రాసిన లెక్క కింద అర్థం తెలియకుండా వేలిముద్ర వేయడం ఆ కొండల్లో ఎన్ని తరాలు సాగిందో పెద్దలను అడగండి. షావుకారు అప్పు ఇంత అన్నాడు, వడ్డీ ఇంత అన్నాడు, పసుపూ చింతపండూ తూచి ఇంతే అన్నాడు. అడగడానికి లెక్క రావాలి. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టినా, 1960లో వడ్డీ వ్యాపారుల మీద ప్రత్యేక నిబంధన తెచ్చినా కారణం ఇదే. "అది అంతే, నువ్వు ముద్ర వెయ్యి" అన్న మాటకు ఎదురుగా నిలిచి "ఎందుకు అంతే?" అని అడగడం నేర్పే చదువు లెక్కల చదువు. దానినే మనం "అది అంతే, రాసుకో" అని నేర్పితే ఏం మిగిలింది?

ఈ మాట నన్ను నేనే అంటున్నాను. ఏజెన్సీలోని ఒక పాఠశాలలో పనిచేసినప్పుడు ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడు లేచి, మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకు వస్తుందని అడిగాడు. "రూలు రా, కూర్చో," అన్నాను. కూర్చున్నాడు. మళ్ళీ ఏమీ అడగలేదు, ఆ ఏడాదంతా. నాకు తెలియదు గనుక కూర్చోబెట్టాను. తెలియదని చెప్పడానికి ప్రథమ శ్రేణి అడ్డొచ్చింది. చాలా ఏళ్ళ తరువాత సంతలో నిలబడి ఉండగా జవాబు తట్టింది. నీకు ఐదేసి రూపాయల అప్పులు మూడున్నాయి. షావుకారు ఆ మూడింటినీ కొట్టివేశాడు. నీ ఆస్తి పదిహేను రూపాయలు పెరిగినట్టే కదా! ఆ కుర్రాడికి ఇది ఒక్క నిమిషంలో అర్థమై ఉండేది. అప్పుల సంగతి వాడికి నాకన్నా బాగా తెలుసు.

అందుచేత మోసపోయేవాడు పరీక్ష హాలులో లేడు. పదేళ్ళ తరువాత ఆశ్రమ పాఠశాలలో బల్లమీద కూర్చుని ఉంటాడు. పాడేరు ప్రాంతంలో లెక్కలతో డిగ్రీ చదివే పిల్లలలో చాలామంది చూపు బి.ఇడి. మీద, ఉపాధ్యాయ ఉద్యోగం మీద ఉంటుంది. 2000 జనవరి 10న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 3వ నంబరు ఉత్తర్వుతో షెడ్యూల్డు ప్రాంతాల్లోని ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. మైదానాలనుంచి వచ్చినవారు బడికి సరిగా రావడం లేదన్నది ఒక ముఖ్య కారణం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఆ తీర్పు ఎన్ని ఇళ్ళలో దీపం తగ్గించిందో నాకు తెలుసు. పోటీ పెరిగింది, మార్కుల మీద భయం పెరిగింది, భయంతో బట్టీ పెరిగింది. పిల్లలను తప్పుపట్టే ముందు ఇది కూడా చూడాలి.

ఇంకొక సంగతి. ఈ అమ్మాయి ఇంట్లో మాట్లాడేది కువి. బడిలో తెలుగు నేర్చుకుంది. డిగ్రీకి వచ్చేసరికి పుస్తకం ఇంగ్లీషు. 2021-22లో రాష్ట్రంలోని డిగ్రీ చదువులన్నిటినీ ఆంగ్ల మాధ్యమంలోకి మార్చారు. మా కాలంలో తెలుగు అకాడమీ పుస్తకాలుండేవి. అందులోని సంస్కృతపు మాటలు మాకూ ఇంగ్లీషులాగే ఉండేవనుకోండి. ఏమైనా, మూడో భాషలో వచ్చిన నిరూపణ అర్థం కాకపోతే ఆ దోషం అంతా పిల్లది అనడం అన్యాయం. ఆమె మనస్సాక్షి ఆమెను నిలదీసింది. ఆమెను అలా చదివించిన మనలో ఎవరి మనస్సాక్షీ ఇంతవరకు పెదవి విప్పలేదు.

అర్థం కానిది రాయకుండా కాగితం ఖాళీగా వదిలిపెట్టమని ఆమెతో చెప్పగలనా? చెప్పలేను. ఉపకార వేతనం పోతుంది, ఏడాది పోతుంది, కాఫీ పళ్ళు కోసి కూతురిని చదివిస్తున్న తల్లి కష్టం పోతుంది. అన్యాయంగా కట్టిన మూటను మోసేవాళ్ళలో అందరికన్నా చిన్నదానినే నిజాయితీకి బలి కమ్మనడం ధర్మం కాదు. అలాగని నా గుడిముందు జవాబూ సరికాదు. ఇంటికి వచ్చి ఉత్తరం రాశాను. పరీక్షలో రాయి, పాపసంకీర్తనం అక్కరలేదు. కానీ నోటుపుస్తకంలో ప్రతి నిరూపణలోనూ నీకు అర్థం కావడం ఆగిపోయిన పంక్తి పక్కన ఒక గీత పెట్టు. ఆ గీతలను ఎవరికీ చూపనక్కరలేదు, నువ్వు చెరిపేయవద్దు. నెలకు ఒక్క సిద్ధాంతమైనా గీత లేకుండా చెయ్యి. రేపు పిల్లల ముందు నిలబడినప్పుడు గీత ఉన్నచోట "ఇది నాకూ తెలియదు" అను. ఇంత రాసి, ఎనిమిదో తరగతి కుర్రాడి సంగతి కూడా రాశాను.

జవాబు రాలేదు. పాస్కా పండుగ తరువాత తండ్రికి ఆసుపత్రి పని ఉండి ఇద్దరూ విశాఖపట్నం వచ్చారు, మా ఇంటికీ వచ్చారు. మా ఆవిడ ఉపదేశిగారికి కాఫీ ఇస్తుండగా పిల్ల సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. ఘాటీ బస్సు సిద్ధాంతం నాకు మొదటినుంచీ చెప్పుకొచ్చింది, తెలుగులో, మధ్యమధ్య కాగితం మీద కొండ బొమ్మ గీస్తూ. బస్సు 500 మీటర్లకు దిగువన ఉన్న క్షణాలన్నిటినీ ఒక గుంపు చేసింది. ఆ గుంపు అంతమయ్యే చోటే మనకు కావలసిన క్షణం అంది. అక్కడ ఆగింది. పంక్తి పక్కన పెన్సిలు గీత ఉంది.

"అంతమయ్యే చోటు ఒకటి ఉంటుందని ఎలా తెలుసు మాస్టారూ? అక్కడే గుంట ఉంటే?"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. సరిగ్గా ఆ చోటనే బొల్జానోగారూ తడబడ్డారు. ఆ గుంట లేదని చూపడానికి సంఖ్యలంటే ఏమిటో మళ్ళీ మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. ఆ పని ఆయన పోయిన చాలా ఏళ్ళకు, 1872లో, డెడికిండ్ అనే జర్మన్ ఆచార్యుడు అచ్చులో పెట్టాడు. 1817 పుస్తకంలో ఆ ఒక్క పంక్తికి నిలబడే నేల ఇంకా లేదు.

ఆ సంగతి చెబితే ఆమె నమ్మలేదు. "ఫాదర్‌గారికి కూడానా?" అంది. డెడికిండ్ ఏం చేశాడో చెప్పమంది. చెప్పడం మొదలుపెట్టి, సగంలో నాకే సరిగా రాదని తెలిసింది. పాడేరు బస్సుకు ఇంకా రెండు గంటలుంది. పాత పెట్టెలోంచి పుస్తకం తీసి ఇద్దరం కూర్చున్నాం.