లెక్కపెట్టడం, లెక్కచేయడం

మన భాషలో ‘లెక్క’ అనే మాటకు రెండు ముఖాలున్నాయి. లెక్కపెట్టడమంటే ఎన్ని ఉన్నాయో చూడడం. లెక్కచేయడమంటే పట్టించుకోవడం, గౌరవించడం. “వాడు నన్ను లెక్కచేయడు” అని ఎవరైనా వాపోతే, వాడికి అంకెలు రావని కాదు గదా అర్థం. మన చుట్టూ వినిపించే తమిళంలో ‘మదిప్పు’ అనే మాట కూడా ఇలాంటిదే. విలువ కట్టడమూ అదే, మర్యాద ఇవ్వడమూ అదే. వాణిజ్యశాస్త్రం చదివి, బ్యాంకులో అంకెల మధ్యనే వయసు గడిపిన నాబోటివాడికి ఈ రెండు ముఖాల గురించి ఒక సందేహం ఎప్పుడూ ఉంది. సరిగ్గా లెక్కపెట్టినవాడు లెక్కచేసినవాడవుతాడా?

ఈ సందేహాన్ని నాకు బాగా విప్పి చూపించిన వస్తువు ఒకటుంది. అది ఖాళీ తూటా.

తూటాలో ముఖ్యంగా నాలుగు భాగాలు. ముందు గుండు, లోపల మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. కాల్చగానే గుండు వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమరు పని అయిపోతుంది. చేతికి మిగిలేది ఇత్తడి ఒక్కటే. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. మళ్లీ ప్రైమరు బిగించి, మందు పోసి, గుండు కూర్చితే అదే గొట్టం ఇంకోసారి పనికొస్తుంది.

ఈ పని అమెరికాలో గురిచూసి కాల్చడం సరదాగా పెట్టుకున్నవాళ్లు ఇళ్లలోనే చేసుకుంటారు. టెక్సాసులో ఉన్న మా అక్క కొడుకు ఇంటికి వెళ్లినప్పుడు చూశాను. కాల్పుల మైదానంలో ఏరుకొచ్చిన ఖాళీ తూటాలు రకరకాల కొలతలవి కలిసిపోయి ఉంటాయి. చిల్లులున్న పళ్లేలు ఒకదానిమీద ఒకటి పెట్టి, పైన తూటాలు పోసి కుదుపుతారు. మన ఆడవాళ్లు రవ్వా పిండీ జల్లించినట్టే. పై పళ్లెంలో .45 కొలతవి ఆగుతాయి, దాని కింద .40, ఇంకా కింద 9 మిల్లీమీటర్లవి. చిన్నది పెద్దదాంట్లో దూరి కూర్చుంటే జల్లెడ మోసపోతుంది; చేత్తో లాగాలి. అన్నిటికంటే కిందికి జారే .22 తూటాలను పక్కన పారేస్తారు. వాటికి నిప్పు పుట్టించే మందు అడుగు అంచులోనే ఉంటుంది, ఒకసారి ఆ అంచు నొక్కుకుపోయాక మళ్లీ నింపడం కుదరదు. మిగిలినవాటిని ఒక్కొక్కటిగా వెలుతురులో తిప్పి, చీలిక ఉందేమో చూస్తారు.

“ఇంత ఓపికెక్కడిదిరా నీకు?” అన్నాను.

“ఓపిక కాదు మామయ్యా, భయం. ఒక్కటి తప్పు పడితే తుపాకి పేలేది నా మొహం మీదే” అన్నాడు.

నిజమే. అక్కడ లెక్క అడిగేది ఇంకెవరో కాదు, తన మొహమే. అందుకే అంత శ్రద్ధ. అయితే ఏ పళ్లెమైనా అడిగేది ఒకే ప్రశ్న: “నువ్వు ఏ కొలత తుపాకిలో పడతావు?” దేన్ని కాల్చి వచ్చావని అడగదు. కాగితం మీద గీసిన సున్నాల్ని కాల్చేచోట ఆ ప్రశ్న అవసరం లేదు కూడా.

మన దేశంలో సంగతి వేరు. తూటాలు కొనడానికి లైసెన్సు కావాలి, దానికో పరిమితి ఉంటుంది, కొన్నవాటికి లెక్క ఉంటుంది. చెన్నైలో ప్యారిస్ కార్నరు దగ్గర నేను పనిచేసిన ఒక శాఖలో కరెన్సీ చెస్టు ఉండేది గనుక తుపాకి పట్టిన కాపలాదారుండేవాడు. తుపాకి 12 బోరు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు పట్టేంత గొట్టమని ఆ అంకెకు అర్థం. దాని తూటాకు ఒళ్లు ప్లాస్టిక్కు, అడుగు మాత్రం ఇత్తడి. కాల్పుల అభ్యాసానికి వెళ్లొచ్చిన రోజు ఆయన ఖాళీ తూటాలను రుమాల్లో మూటగట్టి తెచ్చి నా బల్లమీద వరసగా నిలబెట్టేవాడు. నేను ఎంచి, రిజిస్టరులో రాసి, సంతకం పెట్టేవాణ్ణి. ఆయన సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన ఉత్తర ఆర్కాటు తెలుగువాడు. ఒకసారి నవ్వుతూ అన్నాడు: “గుండు యాడికి పొయ్యిందని ఎవురూ అడగరు సార్. ఎంప్టీ యాడ అని మాత్రం అడగతారు.”

ఆయన హాస్యానికే అన్నాడు. కానీ ఆ మాట నన్ను 1919 దాకా తీసుకెళ్లింది.

ఆ ఏడు ఏప్రిల్ 13న అమృతసర్‌లోని జలియన్‌వాలాబాగ్‌లో డయ్యర్ ఆజ్ఞమీద 50 మంది సైనికులు సుమారు పది నిమిషాలు కాల్చారు. ఖర్చయిన తూటాలు 1,650. సగటున ఒక్కొక్కరు 33. ఇంత నికరమైన అంకె ఎలా దొరికింది? సైనికులు ఏరిన ఖాళీ తూటాలను ఎంచడం వల్ల వచ్చిన అంకె అది అంటారు. గాయపడ్డవాళ్లను మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది తన పని కాదని, ఆస్పత్రులు తెరిచే ఉన్నాయని డయ్యర్ తరవాత హంటర్ సంఘం ముందు చెప్పుకున్నాడు. రాత్రికి కర్ఫ్యూ ఉంది గనుక కన్నవాళ్లకూ కట్టుకున్నవాళ్లకూ అక్కడికి వెళ్లే దారి లేదు. చనిపోయినవారు 379 మంది అన్నది ప్రభుత్వం. దాదాపు వెయ్యి అన్నది కాంగ్రెసు వేసిన సంఘం. నూరేళ్లు దాటినా ఆ తేడా తేలలేదు.

ఇత్తడికి ఒకటే లెక్క, ప్రాణాలకు రెండు లెక్కలు. ఎందుకిలా? ఇత్తడి సర్కారు సొత్తు. దాని గురించి అడిగే పై అధికారి ఉన్నాడు. చనిపోయినవాళ్ల గురించి ఆ సాయంత్రం డయ్యర్‌ను అడిగేవాడు లేడు. అడిగేవాడున్న వస్తువుకే లెక్క ఉంటుందన్నది నా వృత్తి నేర్పిన పాఠం. ఆడిట్ వస్తుందంటే మా శాఖలో ఏ రిజిస్టరు ముందు సర్దుకుంటుందో తోటి ఉద్యోగులకు వేరే చెప్పక్కరలేదు.

అందుచేత లెక్కపెట్టడం వట్టి గుమాస్తా పని, దానికీ నీతికీ సంబంధం లేదని కొందరు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఆ 1,650 అనే అంకె లేకపోతే “ఏదో కాస్త బెదిరించడానికి కాల్చాం” అని తప్పించుకునేవారేమో! తన సొత్తు కాపాడుకోవడానికి సర్కారు రాసుకున్న లెక్కే సర్కారు మీద సాక్ష్యమయింది. అయితే సాక్ష్యం తనంతట తాను నోరు విప్పదు. దాన్ని లెక్కచేసే మనిషి కావాలి. మన మద్రాసు హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన చేట్టూర్ శంకరన్ నాయర్ అప్పట్లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఉన్న ఏకైక భారతీయుడు. పంజాబులో జరిగినదానికి నిరసనగా ఆయన అదే ఏడు ఆ పదవి వదులుకున్నాడు. అందరూ చదివిన వార్తే ఆయనా చదివాడు. కానీ దాన్ని తన ఖాతాలో రాసుకున్నాడు.

అడిగేవాడు లేనప్పుడు కూడా లెక్క అప్పజెప్పినవాడొకడు మనకున్నాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి 26 తుపాకులు, రెండు వేలకు పైగా తూటాలు పట్టుకుపోయాడు. పోతూ పోతూ ఏమేం తీసుకున్నదీ ఠాణా పుస్తకంలో రాసి సంతకం పెట్టాడని చెబుతారు. సర్కారును ధిక్కరించడానికే అలా చేశాడనవచ్చు, అదీ నిజమే కావచ్చు. కానీ నాకింకో సంగతి తోస్తుంది. ఆ కాగితం ఉంటే, తరవాత ఠాణాలో ఒక్క తూటా తగ్గినా ఆ నింద ఏ చిన్న కానిస్టేబులు నెత్తినా పడదు. శత్రువు కొలువులో ఉన్న పేదవాణ్ణి కూడా లెక్కచేసిన లెక్క అది.

ఇదంతా తుపాకుల గొడవ, మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. మా బ్యాంకులోనూ జల్లెళ్లున్నాయి. అప్పు తీసుకున్నవాడి కిస్తీ 90 రోజులు దాటి నిలిచిపోతే ఆ ఖాతా నిరర్థకం. ఆ పైన సబ్‌స్టాండర్డ్, డౌట్‌ఫుల్, లాస్ అని ఒక్కొక్క పళ్లెంలోకి జారుతుంది. ఆ వర్గీకరణ తప్పని నేననను. అది లేకపోతే బ్యాంకు మునుగుతుంది, డబ్బు దాచుకున్నవాళ్లు మునుగుతారు. అయితే 91వ రోజున జారినవాడు ఎగవేతదారా, ఇంట్లో మనిషి మంచాన పడినవాడా అని ఆ పళ్లెం అడగదు. అడగడం దాని పని కాదు. పళ్లెం పట్టుకున్న మనిషి పని.

ప్రతి రిజిస్టరులోనూ చివర ‘రిమార్కులు’ అని ఒక గడి గీసి ఉంటుంది. సాధారణంగా అది ఖాళీగానే ఉంటుంది. నా చేతికింద చేరే కుర్రవాళ్లకు ఈమధ్య ఒక మాట చెబుతున్నాను. ముందు గడులన్నీ ఆడిట్ వాళ్లు చూస్తారు నాయనా, అవి తప్పు లేకుండా నింపండి. ఈ చివరి గడి నింపలేదేమని మిమ్మల్ని ఎవరూ అడగరు. అందుకని దీన్ని కూడా నింపండి.