ఆ పెట్టె ఇంటింటికీ తిప్పకు

ఒరే అబ్బాయ్,

ఆర్ఓ మిషన్లు అమ్మే పనిలో చేరావని, కురిచేడు, దర్శి చుట్టుపక్కల ఊళ్లు నీకు ఒప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. సంతోషం నాయనా. మనవైపు నీళ్లకి ఆ మిషన్ అవసరమే. కానీ నీ సంచీలో కడ్డీల పెట్టె ఒకటుందటగా! గ్లాసుల్లో ముంచి కరెంటు పెడితే బోరు నీళ్లు తుప్పురంగుకి తిరుగుతాయి, మిషన్ నీళ్లు తేటగా ఉంటాయి, ఇల్లాలు బెదిరిపోయి అడ్వాన్సు చేతిలో పెడుతుంది. ఆ పెట్టె మానెయ్.

ఆ రంగు నీళ్లది కాదురా, కడ్డీలది. బోరు నీళ్లలో లవణాలుంటాయి గనక కరెంటు పారుతుంది, ఇనప కడ్డీ కరిగి తుప్పు దిగుతుంది. మిషన్ నీళ్లలో లవణం తక్కువ, కరెంటు సరిగ్గా పారదు, కడ్డీ అలాగే ఉంటుంది. నమ్మకపోతే నీ మిషన్ నీళ్లలోనే చిటికెడు వంటుప్పు వేసి చూడు, అవీ అలాగే తిరుగుతాయి. రేపు ఏ టెన్త్ చదివే పిల్లో నలుగురి ముందు ఆ ఉప్పు వేసి చూపిస్తే ఏ మొహంతో బయటికొస్తావు?

కరగడం వేరు, కరెంటు మోయడం వేరు. యూరియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది. కానీ దాని అణువులు అణువులుగానే ఉంటాయి, కరెంటుకి అక్కరకు రావు. పంచదారా అంతే. పొటాష్ అలా కాదు. నీళ్లలో పడగానే పొటాషియం, క్లోరైడ్ తలో ఆవేశంతో విడిపోతాయి. కరెంటును మోసేవి ఆ అయాన్లే. మోటారు ఎర్తింగ్ గుంటలో ఉప్పు వేసి, ఎండాకాలం నీళ్లు పోసేదీ అందుకే. ఈ సంగతి 1884లో స్వీడన్ కుర్రాడు అర్హీనియస్ థీసిస్‌గా రాస్తే పరీక్షకులు పెదవి విరిచి అత్తెసరుగా గట్టెక్కించారు. 1903లో ఆయనకే నోబెల్ వచ్చింది.

నీ జేబులోని టీడీఎస్ మీటరు నడిచేది కూడా దీని మీదే. అది లవణాలను తూచదు. కరెంటు ఎంత పారుతుందో చూసి, దాన్ని లెక్కగట్టి ఒక అంకె చూపిస్తుంది. పంచదార నీళ్లలో పెడితే దాదాపు కదలదు.

నా బెంగంతా ఇక్కడే. ఏ అయాను ఏదో మీటరుకి తెలియదు. మనవైపు చూడాల్సింది ఫ్లోరైడ్. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. టీడీఎస్‌కయితే 500, గత్యంతరం లేకపోతే 2000. ఆ వందల్లో రెండు మూడు మిల్లీగ్రాములు మీటరుకి ఆనవు. పైగా ఇంకో తిరకాసుంది. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ అంతగా నిలవదు, రెండూ కలిస్తే సరిగా కరగని పదార్థమవుతుంది. కాల్షియం తక్కువై, సబ్బు బాగా నురగొచ్చే నీళ్లలోనే అది పెరిగే అవకాశం ఎక్కువ. బాగున్నాయని ఊరంతా మెచ్చుకునే బోరే కొంప ముంచొచ్చు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే జబ్బు గురించి రాసింది అప్పటి నెల్లూరు జిల్లా మనుషుల్ని చూసే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడా జిల్లాలోవే. కాచితే పోతుందని ఎవరైనా అంటే నమ్మనివ్వకు. ఆవిరయ్యేది నీళ్లు, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది.

నీ మిషన్ దాన్ని చాలావరకు ఆపుతుంది, ఆ మాట ధైర్యంగా చెప్పుకో. ముందు బోరు నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టించి గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబులో ఫ్లోరైడ్ పరీక్ష చేయించమను. టార్గెట్ ఓ నెల తగ్గితే తగ్గనీ. ఇంకొకటి. నీళ్లు చప్పగా ఉన్నాయంటే మీవాళ్లు లోపల ఓ మర తిప్పి టీడీఎస్ పెంచుతారు చూడు, అది చేసేది ఆ వడపోత దాటని బోరు నీళ్లను మళ్లీ కలపడమే. మీటరులో అంకె ముచ్చటగానే ఉంటుంది, ఫ్లోరైడ్ మాత్రం వెనక్కి వచ్చేస్తుంది. పళ్లు ఇంకా తయారవుతున్న చిన్నపిల్లలున్న ఇంట్లో, ల్యాబు కాగితం చూడకుండా ఆ మర ముట్టుకోకు.