నిలువ నీడ, నగర ఖజానా

న్యూయార్క్ నగర ప్రభుత్వం 2023 నవంబరులో తన విభాగాల కేటాయింపుల్లో ఐదు శాతం మేరకు కోత ప్రకటించి, అందుకు ప్రధాన కారణాల్లో ఒకటిగా నిరాశ్రయులకూ, శరణు కోరి వచ్చిన వలసదారులకూ కల్పిస్తున్న వసతి ఖర్చును చూపినప్పుడు, గణాంకాలు మాత్రమే తేల్చలేని ప్రశ్న ఒకటి ముందుకు వచ్చింది. ఖజానా తరిగిపోతున్న వేళ వసతి కేంద్రాలను విస్తరించవలసిన బాధ్యత నగరానికి ఉంటుందా, ఉంటే ఎంతవరకు? ఎదుటి వాదాన్ని దాని పూర్తి బలంతో పూర్వపక్షంగా నిలబెట్టి, ఆ తరువాతే సిద్ధాంతం చెప్పడం భారతీయ తర్కశాస్త్రాల పద్ధతి. ఇక్కడ పూర్వపక్షం నిజంగానే బలమైనది కనుక ఈ విచారణకు ఆ పద్ధతే తగినది.

పూర్వపక్షి లెక్కలతోనే మొదలుపెడతాడు. "దేశం లోటుతో నడవగలదు గాని నగరం నడవలేదు. 1975లో దివాలా అంచుకు చేరిన న్యూయార్క్ ఏటా తన ఆదాయవ్యయాలను సరిచేసి తీరాలని రాష్ట్ర చట్టం కట్టడి చేసింది. సుమారు 11,000 కోట్ల డాలర్ల బడ్జెట్ ఉన్నా, మరుసటి సంవత్సరానికి 700 కోట్లకు పైగా లోటు కనిపిస్తున్నప్పుడు ఒకచోట పెంచిన ప్రతి డాలరూ మరొకచోట తగ్గించినదే అవుతుంది. ఆదివారాలు గ్రంథాలయాలు మూతపడ్డాయి. ఇంట్లో చదువుకునే చోటు లేని పేద విద్యార్థికి గ్రంథాలయం కూడా ఆశ్రయమే కదా. చేయగలిగినదే కర్తవ్యం అవుతుంది. మీరు కోరుతున్నది ఒక పేదవాని హక్కుకు మరొక పేదవాని చేత మూల్యం కట్టించడమే."

సిద్ధాంతి ఆ చివరి మాటను తేలికగా తీసుకోడు. "మీరు చెప్పిన నష్టం నిజమే, దానిని కాదనడం అన్యాయం. అయితే ఆ వసతి నగరం దయతలచి ఇచ్చినది కాదు. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1938లో, న్యూయార్క్ రాష్ట్ర రాజ్యాంగంలో చేరిన 17వ అధికరణం అవసరంలో ఉన్నవారి పోషణను ప్రభుత్వ బాధ్యతగా నిర్ణయించింది. దాని ఆధారంగా 1979లో రాబర్ట్ హేస్ అనే యువ న్యాయవాది నిరాశ్రయ పురుషుల తరఫున వేసిన దావా 1981లో సమ్మతి డిక్రీతో, అంటే ఉభయపక్షాలు ఒప్పుకున్న షరతులకు న్యాయస్థానం శాసనబలం కల్పించిన ఒప్పందంతో, ముగిసింది. మంచం 30 అంగుళాలకు తగ్గని వెడల్పు ఉండాలని, శుభ్రమైన దుప్పటి, తలగడ, తువ్వాలు, సబ్బు ఇవ్వాలని కూడా అందులో రాసుకున్నారు. ఆ వ్యాజ్యానికి తన పేరునిచ్చిన రాబర్ట్ కాలహన్ మాత్రం డిక్రీ రాకముందే వీధిలో చనిపోయాడు. మాట ఇచ్చిన తరువాత దానిని మిగులు ఉన్న ఏడాదికే పరిమితమైన దానంగా లెక్కించడం కుదరదు, అది ఋణం."

"ఋణాలన్నీ సమానమే అయినప్పుడు," అంటాడు పూర్వపక్షి, "దీనికి మాత్రమే ముందు వరుస ఎందుకు?"

ఈ ప్రశ్నకు సిద్ధాంతి జెరెమీ వాల్డ్రన్ అనే న్యాయతత్త్వవేత్త 1991లో చేసిన విచారణను ఆధారం చేసుకుంటాడు. మనిషి చేసే ప్రతి పనీ, నిద్ర, స్నానం, వంట, మలమూత్ర విసర్జన, ఏదో ఒక చోట చేయవలసిందే. సొంత చోటు లేనివానికి ఇతరుల చోటులో అడుగుపెట్టే హక్కు లేదు, మిగిలినది బహిరంగ స్థలం ఒక్కటే. అక్కడ నిద్రను కూడా నిషేధిస్తే, ఆ నియమం అతని ఒక పనిని కాక అతని ఉనికినే నిషేధిస్తుంది. 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ అనే చిన్న పట్టణం వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు, వసతి చాలని చోట కూడా బహిరంగ స్థలాల్లో పడుకున్నవారిని నగరాలు శిక్షించవచ్చునని తీర్పు చెప్పినందువల్ల ఈ వాదం మరింత తీవ్రమైంది. "పడుకోవద్దని చెప్పే అధికారం ఉన్నవాడు, ఎక్కడ పడుకోవాలో చెప్పవలసిన బాధ్యతను కూడా తలకెత్తుకోవాలి," అని సిద్ధాంతి తేలుస్తాడు.

"సరిహద్దు విధానం వాషింగ్టన్‌ది, వలసదారులను బస్సులెక్కించి పంపినది టెక్సస్, ఖర్చు న్యూయార్క్‌దా?" అని పూర్వపక్షి నిలదీస్తాడు. ఈ అన్యాయాన్ని సిద్ధాంతి పూర్తిగా ఒప్పుకుంటాడు. నలుగురు ఉమ్మడిగా ప్రామిసరీ నోటు రాసి ముగ్గురు తప్పుకున్నప్పుడు నాలుగోవాడు ఆ ముగ్గురిపై దావా వేయవచ్చు గాని అప్పిచ్చినవాడిని గుమ్మంలోంచి గెంటకూడదు. ఆ 1981 డిక్రీ విషయంలో 2024 మార్చిలో కుదిరిన రాజీ ప్రకారం కొత్తగా వచ్చిన ఒంటరి వలసదారులకు సాధారణంగా 30 రోజుల వసతి మాత్రమే మిగిలింది. నగరం తనకు రావలసిన వాటాను పైనున్న ప్రభుత్వాల నుంచి రాబట్టలేక, ఆ కొరతను అందరికంటే కిందనున్నవాని మీదకు నెట్టింది.

సంవాదం ఇక్కడ భారతదేశం వైపు తిరుగుతుంది. 2011 జనగణన దేశంలో 17 లక్షలకు పైగా నిరాశ్రయులను లెక్కించింది. ఆహారహక్కు వ్యాజ్యంలో 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో నైట్ షెల్టర్ల ఏర్పాటుకు ఆదేశించింది. లక్ష జనాభాకు ఒక షెల్టర్ అన్న ప్రమాణం అప్పుడే స్థిరపడింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ వీటికి నిధులిచ్చే పథకాన్ని తెచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో దాని అమలు బాధ్యత పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మాదిగా ఉండేది. జాతీయ మిషన్ గడువు 2024లో ముగిసింది. 74వ రాజ్యాంగ సవరణ పేదరిక నిర్మూలనతో సహా 18 విధులను మునిసిపాలిటీల కోసం జాబితా కట్టింది గాని, వాటికి సరిపడే ఆదాయ మార్గాలను అప్పగించలేదు.

పూర్వపక్షి అడుగుతాడు: "కట్టిన షెల్టర్లలోనే మంచాలు ఖాళీగా ఉండి, జనం పేవ్‌మెంట్ల మీదే పడుకుంటున్న చోట విస్తరణ ఎందుకు? అవసరం లేదనడానికి అదే సాక్ష్యం కదా."

సంవాదం మొత్తంలో అతి ప్రమాదకరమైన మాట ఇదే. ఎందుకంటే కోత పెట్టే అధికారికి ఇది సులభమైన సాకు. అడ్డా కూలీ తెల్లవారేసరికి అడ్డా మీద నిలబడకపోతే ఆ రోజు కూలి పోతుంది. స్థలం దొరికిందని ఊరి చివర కట్టిన షెల్టర్ అతనికి ఎంత శుభ్రంగా ఉన్నా అక్కరకు రాదు. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ వంటి పెద్దాసుపత్రుల బయట పడుకునే రోగుల సహాయకులు వార్డుకు దూరంగా వెళ్లలేరు. భార్యాపిల్లలతో ఉన్నవాడు పురుషుల హాలులోకి ఒక్కడే పోలేడు. సామాను దాచుకునే పెట్టె లేని చోటికి రిక్షా తొక్కేవాడు తన బతుకుతెరువును వదిలి రాడు. ఖాళీ మంచం అవసరం లేదని చెప్పడం లేదు, తప్పు చోట కట్టారని, తప్పు తీరులో నడుపుతున్నారని చెబుతోంది.

"ఆసుపత్రుల ఖర్చు, పోలీసుల ఖర్చు తగ్గుతుంది కనుక వసతి లాభదాయకమే అని ఎందుకు వాదించరు? ఆర్థిక శాఖ దానికే తలూపుతుంది," అని పూర్వపక్షి స్నేహపూర్వకంగా సూచిస్తాడు. సిద్ధాంతి ఆ సాయాన్ని అందుకోడు. పొదుపు జరిగితే మంచిదే. కాని హక్కును పొదుపు మీద నిలబెడితే, పొదుపు కనిపించని ఏడాది హక్కు కూడా కూలుతుంది.

కోత తప్పనప్పుడు ఏది ముందు కోయాలి అన్న చివరి ప్రశ్నకు సిద్ధాంతి ఒక కొలబద్ద ఇస్తాడు: తిరిగి చేర్చగలిగిన నష్టం, తిరిగి చేర్చలేని నష్టం వేరువేరు. 2024 జనవరికే న్యూయార్క్‌లో పన్నుల రాబడి అంచనాను మించి వచ్చి కొన్ని కోతలు రద్దయ్యాయి. ఆ జూన్‌లో గ్రంథాలయాల ఆదివారం సేవలకు నిధులు తిరిగి వచ్చాయి. అంచనా తప్పిందని తేలిన తరువాత గ్రంథాలయం తలుపు తెరవవచ్చు గాని, చలిలో పోయిన ప్రాణాన్ని సవరించిన అంచనాలు తిరిగి తేలేవు. పూర్వపక్షి దీనికి బదులు చెప్పడు. కొలబద్ద సరైనదే అయినా దానిని ఎవరు అమలు చేయిస్తారని మాత్రం అడుగుతాడు.

అమలు చేయించడం పన్ను కట్టే పౌరుల పని. మునిసిపల్ బడ్జెట్ పుస్తకంలో ప్రతి పద్దుకూ కేటాయించిన మొత్తం, సవరించిన అంచనా, నిజంగా ఖర్చయిన మొత్తం వేర్వేరు గడుల్లో ఉంటాయి. ఈసారి బడ్జెట్ సమావేశానికి ముందు నిరాశ్రయుల వసతి పద్దులో ఆ మూడు అంకెలను చూసి, వాటి మధ్య తేడా ఎందుకు వచ్చిందో మీ వార్డు సభ్యుడిని రాతపూర్వకంగా అడగండి.